మొదటి పవర్‌లిఫ్టింగ్ పోటీ: 74కి దిగాలా, 83లోనే ఆడాలా?

కేసీకెనాల్_కుర్రోడు | కర్నూలు

అన్నలకు, అక్కలకు నమస్తే. రాష్ట్రస్థాయి క్లాసిక్ (బిగుతు సూట్లు లేకుండా ఆడే) పవర్‌లిఫ్టింగ్ పోటీ ఇంకా పది వారాలు ఉండాది. నాకిదే మొదటిది. వయసు 22. పొద్దున పరగడుపున బరువు 77.5 కిలోలు. స్క్వాట్ (భుజాల మీద బార్ పెట్టుకోని కూచోని లేచేది) 170, బెంచ్ (పడుకోని రొమ్ము మీంచి లేపేది) 100, డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి ఎత్తేది) 200. ఇవన్నీ జిమ్ములో కొట్టినవే, పోటీలో కాదు.

జిమ్ములో అందరూ "74 కిలోల వర్గానికి దిగురా, 83లో నిన్నెవడూ లెక్కబెట్టడు" అంటాండారు. మా అమ్మేమో ఇప్పటికే మొహం పీక్కపోయింది, ఇంగేం తగ్గుతావు అంటాంది. ఇంట్లో తిండి ఇట్ల: పొద్దున ఉగ్గాని గానీ దోశ గానీ, మధ్యాన్నం అన్నం పప్పు, రాత్రికి జొన్నరొట్టె. గుడ్లు రోజుకు రెండు. ఆదివారం చికెన్. ప్రతి నెలా వే ప్రోటీన్ డబ్బా కొనే స్తోమత లేదు.

ఇంగో బాధ, వారానికి ఒక్కరోజు బెంచ్ కొడతా, అది చాన్నాళ్లుగా 100 కాడే నిలబడిపోయింది. మా జిమ్ము రేకుల షెడ్డు, సాయంత్రం పూట బార్ పట్టుకుంటే చేతులు కాల్తాయి. ఏం చేయల్లో చెప్పండి.

నైట్‌షిఫ్ట్ | ఆదోని

74కి దిగిపో బ్రో. ఆఖరి రెండ్రోజులు నీళ్లు బంద్, ఉప్పు బంద్, స్వెట్టర్ వేసుకోని పరుగు. మా వాడు ఒక్క రోజులో నాలుగు కిలోలు దించినాడు.

పాతబెల్టు | అనంతపురం

దించినాక ఎంత ఎత్తినాడో గూడా చెప్పు నాయనా.

నైట్‌షిఫ్ట్ | ఆదోని

అది మాత్రం అడగొద్దన్నా.

పాతబెల్టు | అనంతపురం

అడగను లే. కుర్రోడా, నీ సంగతికొస్తా.

ఐపీఎఫ్ (అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య) నియమాలతో నడిచే పోటీలో బరువు చూడడం ఆటకు రెండు గంటల ముందు మొదలవుతుంది, గంటన్నర సాగుతుంది. ముందు వరసలో ఉన్నా కాటా దిగిన రెండు గంటలకల్లా స్క్వాట్ బార్ కింద ఉంటావు. యూట్యూబ్‌లో ఏడెనిమిది కిలోలు దించి మర్నాడు రికార్డు కొట్టేవాళ్లను చూసుంటావు. వాళ్లు ఆడే సంఘాల్లో కాటాకూ ఆటకూ మధ్య ఒక రోజు దొరుకుతుంది. ఆ ఒక్క రోజులో నీళ్లు, ఉప్పు, అన్నం అన్నీ తిరిగి ఒంటికి పడతాయి. మనకు దొరికే రెండు గంటల్లో మహా అయితే ఒకటి, ఒకటిన్నర శాతం నీళ్లు సర్దుకుంటాయి. నీకు 74 కావాలంటే మూడున్నర కిలోలు పోవాలి, అంటే నాలుగున్నర శాతం. నీళ్లు ఎండగట్టి దించితే స్క్వాట్‌లో కళ్లు బైర్లు కమ్ముతాయి, డెడ్‌లిఫ్ట్ టైముకు తొడలు పట్టేస్తాయి. కర్నూలు ఎండల్లో ఈ పని చేస్తే బార్ దాకా పోకముందే ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది.

తిండి తగ్గించి నిదానంగా దిగొచ్చు కదా అంటావు. వారానికి 350, 400 గ్రాముల చొప్పున పది వారాల్లో దిగొచ్చు, కాదనను. కాకపోతే ఒళ్లు తగ్గేకొద్దీ మూడింట్లో ముందు జారేది బెంచే. నీ బెంచేమో ఇప్పటికే మొరాయిస్తోంది. కడుపు మాడ్చుకుని బెంచ్ పెంచుకున్నవాణ్ని నేనింతవరకు చూడలేదు.

83 అని పేరిచ్చినంత మాత్రాన 83 తూగాలని ఎక్కడా లేదు. 74 దాటి 83 దాకా ఎంతున్నా అదే వర్గం. శుభ్రంగా తిని, 78, 79తో పోయి ఆడు.

మూడు_తెల్లలైట్లు | కడప

పాతబెల్టు సార్ మాట సగం ఒప్పుకుంటాను. మొదటి పోటీకి మూడున్నర కిలోలు దించడం తెలివితక్కువ పని, అంతవరకు సరే. కానీ వర్గం అసలు పట్టించుకోవద్దు అన్నట్టు చెబితే పిల్లలు తప్పుగా అర్థం చేసుకుంటారు. జాతీయ పోటీలకు పంపేటప్పుడు చూసేది వర్గంలో నీ స్థానమే. 75.2 ఉన్నవాడు వచ్చి అడిగితే 74కి దిగమనే చెప్తాను.

నేను 57లో ఆడతాను. మామూలు రోజుల్లో 57.8 ఉంటాను. ఒక్క బొట్టు చెమట కార్చకుండా దిగుతాను. పోటీకి మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, మొలకలు, రాగులు, పచ్చి కూరగాయలు ఆపేస్తాను. తెల్లన్నం, గుడ్డు, పెరుగు, కొంచెం చికెన్, అంతే. పీచు తగ్గితే పేగుల్లో నిలవుండే సరుకు తగ్గుతుంది, ఆ 800 గ్రాములు వాటంతటవే పోతాయి. కండ పోదు, నీళ్లు పోవు. ఉప్పు కొంచెం తగ్గిస్తాను గానీ పూర్తిగా మానను.

తమ్ముడూ, నీ ఎత్తెంత? ఆ మాట ఎవరూ అడగలేదు.

కేసీకెనాల్_కుర్రోడు | కర్నూలు

అయిదడుగుల తొమ్మిది అంగుళాలు అక్కా.

మూడు_తెల్లలైట్లు | కడప

ఐతే ఇంకేం ఆలోచించకు. ఆ ఎత్తుకు 74 ఎప్పటికీ ఇరుకే. ఇవాళ దిగినా రెండేళ్లకు 83 నిండుతావు.

బుడ్డలచేను | గుత్తి

అన్నిటికంటే ముందు నీ 100 నిజంగా 100 యేనా చూసుకో సామీ. మా జిమ్ము బార్‌ను పాతినుము కొట్టోని కాటా మీద పెడితే 16.4 వచ్చింది. ప్లేట్లు గూడా అంతే. పది అని అచ్చుపోసి ఉండే ప్లేటు ఒకటి 9.2, దాని జతది 10.6. ఎడమ పక్క ఎందుకు వాలిపోతాందో ఆ రోజు అర్థమైంది. కొట్టాయన నవ్వి, అమ్ముతావా ఏందప్పా అన్నాడు.

పాతబెల్టు | అనంతపురం

మంచి మాట. పోటీలో బార్ 20, రెండు కాలర్లు చెరి 2.5. ఏమీ ఎక్కించకుండానే 25. ప్లేట్ల రంగులు కంఠతా పట్టు: ఎర్రది 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. నువ్వు 155 అడిగితే ఒక్కో పక్క రెండెర్రలూ ఒక పసుపూ కనపడాలి. వేరేగా కనపడితే బార్ ముట్టుకోకుండా టేబుల్ వాళ్లకు చెప్పు. లోడింగ్‌లో తప్పులు జరగవనుకోవద్దు.

బెంచ్ ఎట్లా కొడుతున్నావు? రొమ్ముకు తగిలీ తగలగానే పైకి లేపుతున్నావా, ఆపుతున్నావా?

కేసీకెనాల్_కుర్రోడు | కర్నూలు

తగలగానే లేపుతా అన్నా. ఆపాలని తెల్సు గానీ జిమ్ములో ఎవరూ ఆపరు.

పాతబెల్టు | అనంతపురం

అనుకున్నా. ఆపి కొడితే నీ 100 కాస్తా 92, 95 మధ్య ఎక్కడో తేలుతుంది. రేపటి నుంచి ప్రతి రెప్ (ఒక్కోసారి ఎత్తడం) ఆపాల్సిందే.

వరస ఇది. బార్ చేతుల మీద కదలకుండా నిలిస్తే రిఫరీ "స్టార్ట్" అంటాడు. దించుతావు. రొమ్ము మీద బార్ నిశ్చలంగా ఉందని ఆయనకు నమ్మకం కుదిరితేనే "ప్రెస్" అంటాడు. లేపి చేతులు బిగించాక "ర్యాక్". తల, భుజాలు, పిరుదులు బెంచీని వదలకూడదు, పాదాలు పూర్తిగా నేలకు ఆని ఉండాలి. 2023 నుంచి ఇంకొకటి చేరింది: బార్ కిందికొచ్చినప్పుడు మోచేతి కీలు అడుగు భాగం భుజం కీలు పైభాగానికి సమానంగానైనా రావాలి, ఇంకా కిందికైనా పోవాలి. నడుము విల్లులా వంచి రెండంగుళాలు కదిపి లేపేవాళ్లకు అక్కడ చెక్ పడింది. నీ ఎత్తువాడికి అదేం అడ్డం కాదు.

పెరగడం సంగతి. వారానికి ఒక్కరోజు బెంచ్ కొట్టి వంద దగ్గర ఆగిపోయానంటే ఆగదా మరి! వారానికి మూడుసార్లు కొట్టు. ఒకరోజు బరువుగా, ఆపి, 3 రెప్పులు. ఒకరోజు 6, 8 రెప్పులు తేలిగ్గా. మూడో రోజు దగ్గర పట్టుతో గానీ, రొమ్ము మీద రెండు సెకన్లు ఆపి గానీ. ఏ సెట్టూ చచ్చీ చెడీ లేపేదాకా పోవద్దు, ఇంకో రెండు రెప్పులు లోపల మిగిలుండగానే బార్ పెట్టేయ్. వెన్నుకు రోయింగ్ మానొద్దు. పట్టు వెడల్పు చూపుడువేళ్ల మధ్య 81 సెంటీమీటర్లు దాటకూడదు, బార్ మీద గీతలు అందుకే.

సంగటిముద్ద | కడప

తిండి సంగతి నేను చెప్తాను. ఆసుపత్రి డైట్ విభాగంలో పని చేస్తాను, పొద్దస్తమానం చేసేది ఈ లెక్కలే.

మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ చాలని మన హైదరాబాదు పోషకాహార సంస్థ చెబుతుంది. బరువులెత్తేవాళ్లకు అది చాలదు, 1.6 నుంచి 2.2 దాకా కావాలి. నీకు రోజుకు 140 గ్రాములు పెట్టుకుందాం. నువ్వు చెప్పిన తిండిలో 65, 70 దాటదు. ఆదివారం చికెన్ ఆదివారానికే సరిపోతుంది తమ్ముడూ, బుధవారం స్క్వాట్‌కు రాదు.

డబ్బా కొనకుండా 140 ఎట్లా? నాలుగు గుడ్లకు 25. అర లీటరు పాలకు 16. పచ్చిగా తూచిన 200 గ్రాముల చికెన్‌కు 45 దాకా. చికెన్ లేని రోజు 50 గ్రాముల మీల్ మేకర్‌కు 26, దానికి తోడు ఇంకో రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు. అరవై గ్రాముల కందిపప్పుకు 13. పెద్ద కప్పు పెరుగుకు 7. మిగతాది అన్నం, రొట్టె, ఉలవలు, శనగల్లో వస్తుంది. మీల్ మేకర్ ఊరికే నానబెట్టి తినమంటే ఎవరూ తినరు. వేణ్ణీళ్లలో వేసి, గట్టిగా పిండి, ఎర్రకారంలో వేయించు, దోశలో పెట్టుకున్నా బాగుంటుంది.

ఒకేసారి అంతా కుక్కకుండా నాలుగు పూటలకు పంచు, పూటకు 30, 35 గ్రాములు పడేట్టు. నీ ఉగ్గానిలో ప్రోటీన్ లేనట్టే. ఉగ్గాని మానమనను, మన సీమలో ఉంటూ ఆ మాట అంటే పాపం. పక్కన బజ్జీ బదులు మూడు గుడ్లు పెట్టుకో.

ఇంకోమాట. చెనిక్కాయలను ప్రోటీన్ అనుకోవడం మనవాళ్లకున్న జబ్బు. 100 గ్రాముల్లో 25 గ్రాముల ప్రోటీన్ ఉంది, నిజమే. దాంతో పాటు 49 గ్రాముల నూనె ఉంది, 560 పై చిలుకు కేలరీలు ఉన్నాయి. బరువు పెరగాలనుకునేవాడికి బంగారం. 74కి దిగుతూ గుప్పిళ్లు గుప్పిళ్లు నమిలేవాడికి శత్రువు.

బుడ్డలచేను | గుత్తి

మా బుడ్డల జోలికి రావొద్దక్కా. వానలు లేక ఒక బాధ, రేటు లేక ఒక బాధ, ఇప్పుడు మీరు గూడానా.

సంగటిముద్ద | కడప

83లో ఆడేవాడికి రోజుకు గుప్పెడు నేనే రాసిస్తాను లే అన్నా.

నైట్‌షిఫ్ట్ | ఆదోని

మరి రాగిసంగటి? మా తాత సంగటి, ఊరుబిండి తిని రెండు మూటలు ఒకేసారి మోసేవాడు.

సంగటిముద్ద | కడప

నా పేరే సంగటిముద్ద, నేనెందుకు కాదంటాను. రాగుల్లో 100 గ్రాములకు ప్రోటీన్ 7 గ్రాములే. అందులో గొప్పది కాల్షియం, మూడొందల మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, ఏ బియ్యం గోధుమలూ దరికి రావు. సంగటి అంటే శక్తికి, ఎముకకు. కండకు పక్కనున్న నాటుకోడి పులుసు. తాతగారు పొద్దంతా పొలంలో ఉండేవారు, ఆయన ఖర్చు వేరు. ఒకటి మాత్రం జాగ్రత్త, వ్యాయామానికి గంట ముందు సంగటి తింటే స్క్వాట్‌లో బెల్టు బిగించినప్పుడు తెలుస్తుంది. దానికి రెండున్నర, మూడు గంటల గడువు ఇవ్వాలి.

అన్నం తగ్గించొద్దు. కిలోకు 4, 5 గ్రాముల పిండిపదార్థం నీకు కావాలి, అంటే రోజుకు 310 నుంచి 390 గ్రాములు. సోనామసూరి భయపడాల్సిన వస్తువేం కాదు.

పప్పన్నం_బలం | ప్రొద్దుటూరు

గుడ్డు కూడా ముట్టనివాళ్లం ఉన్నామండీ ఇక్కడ. పనీరు, పెరుగు, మీల్ మేకర్, ఉలవచారు, శనగలతో నేను 120 గ్రాముల దాకా లాగుతున్నాను. అంతకు మించి పోవాలంటే పప్పుధాన్యాలతో కడుపు ఉబ్బుతుంది, అందుకే ఒక స్కూప్ వే వాడతాను. డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు చూసి, దిగుమతిదారు స్టిక్కర్ చూసి కొనండి. సగం ధరకు ఇస్తామనే షాపు నుంచి అసలే వద్దు.

డబ్బున్నది ఒక్కదానికే అయితే మాత్రం క్రియాటిన్ మోనోహైడ్రేట్ (కండలకు బలాన్నిచ్చే పొడి) కొనమంటాను. రోజుకు 3 నుంచి 5 గ్రాములు, ఏ పూటైనా ఫరవాలేదు. మాంసం తినని వాళ్ల కండల్లో అది తక్కువగా ఉంటుంది కాబట్టి మాలాంటివాళ్లకు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. లోడింగ్ అని రోజుకు 20 గ్రాములు మింగక్కర్లేదు, మూడు నాలుగు వారాల్లో అదే నిండుతుంది. కిలో, కిలోన్నర నీళ్ల బరువు పెరుగుతుంది. 74 అంచున ఉన్నవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోవాలి.

ఓల్డ్‌టౌన్_భాయ్ | కర్నూలు

రోజాలున్న నెలలో నేను చేసే పద్ధతి చెప్తా, ఎవరికైనా పనికొస్తుందేమో. ఇఫ్తార్‌లో ఖర్జూరం, నీళ్లు, కొంచెం పండ్లు. తరావీ నమాజు అయ్యాక జిమ్ము. బరువులు తగ్గించను, సెట్లు సగం చేస్తా. అది అయ్యాక అసలు భోజనం. సహరీలో గుడ్లు, పెరుగు, రొట్టె. మన పాతబస్తీలో హలీం దొరికే నెల అది, గోధుమలు, పప్పు, మాంసం అన్నీ ఒకే గిన్నెలో. నెయ్యి మాత్రం పైన పోయొద్దని చెప్పాలి, వాళ్లు వినరు.

నైట్‌షిఫ్ట్ | ఆదోని

అందరూ గుడ్లు, పప్పు అంటాండారు. మా వైపు జిమ్ముల్లో పోటీ రోజు ఒక సూది ఉంటాది, అది వేస్తే 10 కిలోలు ఊరికే లేస్తాయంటారు. నిజమేనా?

పాతబెల్టు | అనంతపురం

నీ మాట ఎగతాళికి కాదు, ఇది తెలియాల్సిన విషయమే. నువ్వు చెప్పేది మెఫెంటర్మిన్ అయుంటుంది. వెన్నులో మత్తిచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు రోగి బీపీ పడిపోతే లేపడానికి డాక్టర్లు వాడే మందు. ఆరోగ్యంగా ఉన్నవాడు వేసుకుని బార్ కిందికి పోతే గుండె ఏ క్షణాన లయ తప్పుతుందో ఎవరూ చెప్పలేరు. స్క్వాట్‌లో ఊపిరి బిగబట్టినప్పుడు బీపీ మామూలుగానే ఆకాశానికి పోతుంది, దాని మీద ఇంకో మందా?

వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) నిషేధ జాబితాలో అది ఉద్దీపకాల కింద ఉంది. బరువు దించడానికి కొందరు మింగే ఫ్యూరోసిమైడ్ లాంటి నీళ్ల మాత్రలు పోటీ ఉన్నా లేకున్నా నిషేధమే. స్టెనోజొలాల్, మెథాండైనోన్ లాంటి స్టెరాయిడ్ల సంగతి చెప్పక్కర్లేదు. దొరికితే నాలుగేళ్ల దాకా నిషేధం. "కోచ్ ఇచ్చాడు, నాకు తెలీదు సార్" అనే మాట అక్కడ చెల్లదు. నీ మూత్రంలో ఉన్నదానికి నువ్వే బాధ్యుడివి. 2022లో దీని మీద పార్లమెంటు చట్టం కూడా చేసింది. జలుబు చేసిందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, పోటీ వారంలో అదీ ప్రమాదమే. నాడా (మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ) వాళ్ల నో యువర్ మెడిసిన్ యాప్‌లో మందు పేరు కొట్టి చూసుకో.

ఊతం కావాలంటే కాఫీ ఉంది కదా. కెఫీన్‌ను 2004లోనే నిషేధ జాబితా నుంచి తీసేశారు. నీ బరువుకు 230 మిల్లీగ్రాముల దాకా, ఆటకు ముప్పావుగంట ముందు. ప్రాక్టీసులో ఒకసారి వాడి చూసుకున్నాకే. అలవాటు లేనివాడికి చేతులు వణికి బెంచ్ పోతుంది.

నిర్వాహకుడు

సూది మోతాదు ఎంత, ఎక్కడ దొరుకుతుంది అని వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. మళ్లీ రాస్తే ఖాతా పోతుంది. కొనసాగించండి.

కేసీకెనాల్_కుర్రోడు | కర్నూలు

బార్ తూయించినా. 18 కిలోలే! అంటే నా 100 కాస్తా 98. ఆపి కొడితే 92.5 లేచింది, 95 సగంలో నిలబడింది. కొంచెం దిగులుగా ఉండాది గానీ ఇప్పుడన్నా తెలిసింది.

83లోనే పేరిస్తాండా. అమ్మ సంతోషం చూడాల, పొద్దున మూడు గుడ్లకు బదులు నాలుగు పెట్టింది. ఎండకు ఏం చేయాల? పది వారాలు ఎట్ల పంచుకోవాల?

బుడ్డలచేను | గుత్తి

ఎండకు మందు లేదు, పొద్దున అయిదున్నరకు జిమ్ముకు పోవడమే. లేవగానే ఒళ్లు బిగదీసుకోని ఉంటాది, కాబట్టి వార్మప్ రెట్టింపు. మొదట్లో రోజూ కంటే తక్కువ లేస్తాది, రెండు వారాల్లో సర్దుకుంటాది. పోటీలు గూడా పొద్దున పూటే మొదలవుతాయి కదా, ఆ టైముకు ఒళ్లు అలవాటు పడితే మంచిదే. జిమ్ముకు ముందూ తర్వాతా బరువు చూస్కో. కిలో తగ్గితే లీటరున్నర తాగల్ల. మజ్జిగలో ఉప్పేసుకో, అన్నీ నీళ్లే తాగితే కండలు పట్టేస్తాయి.

పాతబెల్టు | అనంతపురం

పది వారాలు ఇట్లా చూడు. మొదటి నాలుగు వారాలు 5 రెప్పుల సెట్లు, నీ పెద్ద బరువులో 72 నుంచి 77 శాతం. తర్వాత మూడు వారాలు 3 రెప్పులు, 80 నుంచి 85. ఆపైన రెండు వారాలు ఒక్కో రెప్పు, 88 నుంచి 93, దాని వెనక తేలిగ్గా రెండు మూడు సెట్లు. స్క్వాట్ వారానికి రెండుసార్లు, డెడ్‌లిఫ్ట్ బరువుగా ఒకసారి, తేలిగ్గా ఇంకోసారి. శాతాలు కట్టేటప్పుడు తూయించిన బరువులే వాడు, పాతవి కాదు.

చివరి పెద్ద డెడ్‌లిఫ్ట్ పోటీకి పది పన్నెండు రోజుల ముందు. స్క్వాట్ వారం, పది రోజుల ముందు. బెంచ్ అయిదారు రోజుల ముందు. ఆఖరి వారం జిమ్ములో నీకు బోరు కొట్టాలి. అక్కడే పిల్లలు ఆగలేరు, పోటీకి మూడు రోజుల ముందు "ఒకసారి 200 చూస్తా" అని బలమంతా అక్కడే వదిలేసి వస్తారు.

మధ్యలో ఒక వారం నడుం నొప్పో, పరీక్షో వస్తుంది. ఆ వారం పోయిందని వచ్చే వారంలో రెండు వారాల పని చేయొద్దు.

పప్పన్నం_బలం | ప్రొద్దుటూరు

మన మల్లీశ్వరి గారు కూడా ఇట్లాగే సింగిల్స్ ఎక్కువ చేసేవారా సార్?

పాతబెల్టు | అనంతపురం

ఆమెది వెయిట్‌లిఫ్టింగ్ బాబూ. స్నాచ్, క్లీన్ అండ్ జర్క్. 2000 సిడ్నీలో 110, 130 కలిపి 240 ఎత్తి కంచు తెచ్చింది. మన ఆట ఒలింపిక్స్‌లో లేదు. పారాలింపిక్స్‌లో పవర్‌లిఫ్టింగ్ ఉంది, అక్కడ బెంచ్ ఒక్కటే.

మూడు_తెల్లలైట్లు | కడప

పోటీ రోజు సంగతులు చెప్తాను, ఇవి జిమ్ములో ఎవరూ చెప్పరు.

స్క్వాట్‌లో "స్క్వాట్" అనేదాకా దిగకూడదు, "ర్యాక్" అనేదాకా స్టాండు వైపు అడుగు వేయకూడదు. తుంటి దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కంటే కిందికి పోవాలి. నీ ఫోనుతో పక్కనుంచి, మోకాలి ఎత్తులో పెట్టి వీడియో తీసుకో. పైనుంచి తీస్తే అందరివీ లోతుగానే కనపడతాయి. డెడ్‌లిఫ్ట్‌లో ఒక్కటే మాట, "డౌన్". అది వినపడేదాకా నిలబడు, దించేటప్పుడు చేతులు బార్ మీదే ఉండాలి. సంతోషంలో వదిలేశావంటే మూడు ఎర్రలైట్లు, అంటే ఆ లిఫ్టు చెల్లదు. జిమ్ములో తోడున్నవాణ్ని రిఫరీగా నిలబెట్టి ప్రతి సింగిల్‌కూ ఈ మాటలు అరిపించు.

సింగ్లెట్ (ఒకే ముక్క బిగుతు పోటీ డ్రెస్సు), లోపల టీషర్టు, లోపలికి మామూలు బ్రీఫు. బాక్సర్ లాంటి పొడుగు లోదుస్తులైతే వెనక్కి పంపుతారు. బెల్టు వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు దాటకూడదు. మోకాలి స్లీవ్‌ల (తొడుగుల) మందం 7 మిల్లీమీటర్లు దాటకూడదు. స్క్వాట్ స్టాండు ఎత్తు, బెంచ్ ఎత్తు ముందే చూసుకుని రాయించాలి. నీ ప్రయత్నం అయిన నిమిషంలోపు తర్వాతి బరువు టేబుల్ దగ్గర రాసివ్వాలి, తోడు ఒకరిని తీసుకుపో. ఒకే లిఫ్టులో మూడు ప్రయత్నాలూ పోతే టోటల్ (మూడు లిఫ్టుల మొత్తం) లేదు, ఇంటికే.

తినడానికి పెరుగన్నం డబ్బా, అరటిపళ్లు, ఖర్జూరం, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. కొత్త ఊళ్లో హోటల్ బిర్యానీ జోలికి పోవద్దు.

ఆడపిల్లలు ఎవరైనా చదువుతుంటే ఒకమాట. ఎంత తిన్నా నీరసం, బార్ వేగం పడిపోవడం అయితే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. నెలసరితో ఇనుము పోతుంది, భోజనంతో పాటు టీ తాగితే తిన్నది కూడా ఒంటికి పట్టదు. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుని, టీని గంట పక్కకు జరపండి.

కేసీకెనాల్_కుర్రోడు | కర్నూలు

అందరికీ ఎట్ల థ్యాంక్స్ చెప్పాల్నో తెలీదు. ఇప్పుడే తొందర గానీ ఒకసారి చూడండి. ఓపెనర్లు (మొదటి ప్రయత్నాలు) స్క్వాట్ 160, బెంచ్ 90, డెడ్‌లిఫ్ట్ 190 అనుకుంటాండా.

పాతబెల్టు | అనంతపురం

మూడూ ఎక్కువే. ఓపెనర్ అంటే జ్వరంలో కూడా మూడు రెప్పులు లేచేది. స్క్వాట్ 155తో మొదలుపెట్టి 165, ఆపైన 170 నుంచి 172.5. బెంచ్ 85, 90, అక్కడ తెల్లలైట్లు పడితే 95 అడుగు. డెడ్‌లిఫ్ట్ 180, 192.5, మూడోది పక్కవాడి టోటల్ చూసి నిర్ణయించుకో. ఈ పది వారాల్లో బెంచ్ పెరిగితే పోటీ వారంలో మార్చుకుందాం, కాగితం మీద ఇప్పుడే 90 రాసి దాని చుట్టూ కలలు కనొద్దు.

కేసీకెనాల్_కుర్రోడు | కర్నూలు

సరేన్నా, 155, 85, 180. ఒక సిల్లీ డౌటు. డెడ్‌లిఫ్ట్‌కు పొడుగు సాక్సులు కావల్లంటే మా వీధి షాపులో ఫుట్‌బాల్ సాక్సులే దొరికినాయి, పచ్చవి. మోకాలి మీద దాకా వస్తాండాయి. నడుస్తాయా?

మూడు_తెల్లలైట్లు | కడప

రంగుతో పనిలేదు. మోకాలి స్లీవ్‌కు తగలకూడదు, పైన ఒక మడత పెట్టుకో.

బుడ్డలచేను | గుత్తి

పచ్చవైతే ఇంగా మంచిది, బార్ తగిలి ముంగాలు దోక్కుంటే రక్తం బాగా కనపడి వీడియో అదిరిపోతాది.